పసుపు చీర తాకితే నల్లంచు చీర వచ్చింది

ధర్మవరంలో మాది మగ్గం ఇల్లు. చీరలు అమ్మడానికి మా ఆయన వెబ్‌సైటు పెట్టించారు. అందులో దండెం మీద వేలాడే ఆరు చీరల ఫోటో ఉంది. ఏ చీరను తాకితే ఆ చీర పేజీ తెరుచుకునేలా, వీడియోలు చూసి నేర్చుకుని, ఒక్కో చీర చుట్టూ కంటికి కనబడని గీతలు గీసింది నేనే. చదివింది ఏడో తరగతి, అందుకే రెండు రోజులు పట్టింది.

నిన్న మా అత్త ఆ ఫోటో చూసి, "నల్లంచు చీర మొదట పెడతారా యాడన్నా? పసుపుది ముందుండాల" అన్నారు. మా ఆయన చీరల వరస మార్చి, కొత్త ఫోటో తీసి పెట్టేశారు. గీతలు మాత్రం పాత చోటనే ఉండిపోయాయి. నాకు ఒక్క మాట చెప్పలేదు.

ఈ రోజు హిందూపురం నుంచి ఒకామె ఫోన్ చేసింది. "ఏమమ్మా, మా పాప ముహూర్తానికని పసుపు చీర తాకితే నల్లంచుది వస్తాండాది. పెండ్లికి చూపించేది ఇదేనా?"

నేను ఫోన్ మా ఆయనకిచ్చాను.

"మా ఇంట్లో ఆమె తప్పు గీసినాదిలేమ్మా" అనేశారాయన.

వేరే చోట చూసుకుంటామని ఆమె ఫోన్ పెట్టేసింది.

సాయంత్రం కూర్చుని ఆరు చీరలకూ మళ్ళీ గీతలు గీశాను. పసుపు చీర పేజీ ఆమెకు పంపాను. చూసింది, జవాబు లేదు.

మా ఆయన ఈ పోస్టు తప్పకుండా చదువుతారు. తప్పెవరిదో కింద మీరే రాయండి. ఎదురుగా చెప్పడం నాకు చేతకాదు.