అత్తగారి కిటికీ ముందు పీచ్ చెట్టు

మా పెన్సిల్వేనియా తోటల్లో పీచ్ మొక్కని ఇంటికి దక్షిణం గోడ పక్కన నాటేవాళ్ళని చూసి నవ్వుతారు. ఎండకి గోడ వేడెక్కి చెట్టుని తొందరపెడుతుంది. పూత ముందే వచ్చేస్తుంది, ఏప్రిల్ మంచుకి మొత్తం మాడిపోతుంది. మా మరదలు లోర్నా పట్టుబట్టి మరీ అక్కడే నాటింది.

లోర్నా మా తమ్ముడు మెర్ల్ భార్య. బాల్టిమోర్‌లో పెరిగింది, పెళ్ళయ్యేదాకా మట్టి ముట్టుకుని ఎరగదు. మా అమ్మ హెటీ ఏమో జన్మంతా పీచ్ తోటల్లో పనిచేసిన మనిషి. గుండె జబ్బుతో మంచం పట్టి తమ్ముడింటికి చేరితే, ఆవిడకి దక్షిణం వైపు గది ఇచ్చారు. ఆ ఏడే లోర్నా పార పట్టింది.

అమ్మ నోటి సంగతి చెప్పాలి కదా! కిటికీలోంచి చూసి, "పొయ్యి మీద పెట్టకపోయావా, ఇంకా వెచ్చగా ఉండేది" అంది.

"ఇది పళ్ళ కోసం కాదత్తయ్యా, మీ కోసం. ఊరందరికంటే ముందు మీ కిటికీలో పూలు కనబడాలి" అంది లోర్నా.

అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. మెచ్చుకోవడం ఆవిడకి చేతకాదు. కన్నకూతుర్ని, నాకే దక్కలేదు, కోడలికేం దక్కుతుంది?

చెట్టు చుట్టూ లోర్నా పూల దుంపలు కూడా పాతింది. ముందు తెల్లటి స్నోడ్రాప్, తరవాత ఊదారంగు క్రోకస్, ఆ వెనక పసుపుపచ్చటి డాఫోడిల్. మొదటి ఏడు క్రోకస్ దుంపల్ని ఉడుతలు తవ్వుకుని తినేశాయి. నేనైతే దణ్ణం పెట్టి ఊరుకునేదాన్ని. ఈ పిల్ల మళ్ళీ పాతి, పైన కోళ్ళ గూటి వల పరిచి రాళ్ళు పెట్టింది. పూలు రాలాక డాఫోడిల్ ఆకులు అసహ్యంగా ఉన్నాయని మెర్ల్ గడ్డితో పాటు కోసేయబోతే, మిషన్‌కి అడ్డంగా నిలబడింది. ఆకు తనంతట తాను ఎండేదాకా కొయ్యకూడదట, దుంపకి వచ్చే ఏటి తిండి అదేనట. ఇవన్నీ ఎవరు నేర్పారే అని అడిగితే, అత్తయ్యే, తిడుతూ తిడుతూ చెప్పేస్తారు అంది. అబ్బ, ఎంత ఓర్పమ్మా ఈ పిల్లకి అనుకున్నాను.

నాటిన మూడో ఏట చెట్టు పూసింది. ఊళ్ళో తోటలన్నీ ఇంకా మోడులై ఉంటే, ఆ కిటికీ ఒక్కటే గులాబీరంగులో మునిగిపోయేది. అమ్మ చూసి, "పూసిందిలే" అనేది, అంతే. తరవాత మంచు పడేది. ఆ ఏడూ, ఆ పై ఏడూ ఒక్క పిందె నిలవలేదు.

ఈ ఏడు చలికాలంలో డాక్టరు నన్ను పక్కకి పిలిచి, మీ అమ్మ వేసవి చూడదు అన్నాడు. లోర్నాకి చెప్పాను. ఇంక దానికి ఒకటే ధ్యాస, పూత వచ్చేదాకా అమ్మ ఉండాలి, పూసిన పూత నాలుగు రోజులైనా నిలవాలి. పూత వచ్చింది. చెట్టు విరగబూసిన వారానికే, రాత్రికి గడ్డకట్టే చలి అని రేడియోలో చెప్పారు.

చీకటి పడకముందే మేం ముగ్గురం ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ చెట్టుకి కప్పాం. కిటికీ వైపు కొమ్మకి చాలలేదు. లోర్నా గదిలోకి వచ్చి బీరువా వెతుకుతుంటే, అమ్మ తన మీదున్న బొంత తీసింది. పెళ్ళికి ముందు తను కుట్టుకున్న బొంత అది, మమ్మల్నెవర్నీ తాకనిచ్చేది కాదు.

"ఇది కప్పు."

"వద్దత్తయ్యా, మీకు చలేస్తుంది."

"నాకు నా పూలు చూపించావు కదే, చాలు. మంచు పడ్డ ప్రతిసారీ తెల్లారగానే వెళ్ళి, ఏదన్నా బతికిందేమోనని పువ్వు పువ్వూ విప్పి చూసుకునేదానివి. నేను చూళ్ళేదనుకున్నావా? ఈసారి పండు నువ్వు తినాలి. పో, కప్పు."

లోర్నా బొంత గుండెలకి హత్తుకుని బయటికి నడిచింది. నేను అమ్మ మీద నా కోటూ, తమ్ముడి కోటూ కప్పి పక్కనే కూర్చున్నాను. నాకూ ఏడుపొచ్చింది, ఎందుకు దాచాలి?

అమ్మ మే నెలలో పోయింది. పల్చటి దుప్పట్లు కప్పిన కొమ్మల్లో పిందె నిలవలేదు. బొంత కప్పిన కొమ్మ మాత్రం కాసింది.

ఆగస్టులో లోర్నా మొదటి పండు కోసి, తీసుకో వదినా అని నాకివ్వబోయింది. దాని చెయ్యి వెనక్కి తోసేశాను. అమ్మ మాట కాదనడానికి నేనెవర్ని? చెట్టు కిందే నిలబడి, రసం మోచేతుల దాకా కారుతుంటే, ఏడుస్తూ ఏడుస్తూ టెంక దాకా తింది.