మూడుసార్లు లేచిన లీవరు

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్లంటే నాకు మొదటినుంచీ ఒళ్లుమంట. ఏలూరులో ఒక పాలిటెక్నిక్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ ల్యాబు చూసుకుంటాను. లైటు దానంతటదే ఆరిందంటే హోల్డరు విప్పి చూస్తాను తప్ప దండం పెట్టను. ఇది రాశానని తెలిస్తే మా ల్యాబు పిల్లలు ఏడాదంతా నవ్వుకుంటారు. నవ్వుకోనీండి.

మా అక్క భర్త, అంటే మా బావగారు, తాడేపల్లిగూడెంలో టీవీలు బాగుచేసే షాపు నడిపేవారు. నాకు సోల్డరింగ్ నేర్పింది ఆయనే. టీవీకి తగిలించి ఆడుకునే వీడియో గేములు బాగా నడిచిన రోజుల్లో వాటి క్యాసెట్లు విప్పి లోపలి చిప్పులు మార్చడం ఆయనకు సరదా. వాళ్లమ్మాయి స్రవంతి ఎనిమిదేళ్లప్పుడు కొల్లేరులో గూడబాతుల్ని చూసొచ్చి, గళ్ల నోటుబుక్కులో ఒక బాతు బొమ్మ వేసింది. బావగారు ఒక ఆటలోంచి విమానాన్ని తీసేసి, ఆ గళ్లు గళ్లుగానే కూతురి బాతును అందులో ఎగరేశారు. ఎన్ని రోజులు కూర్చున్నారో ఆయనకే తెలియాలి. ఆ ఆట ఉన్నది ఒక్క చిప్పులోనే.

ఆయన పోయి నాలుగేళ్లయింది. స్రవంతి అత్తవారిది కొల్లేరు అంచున ఊరు. నిరుడు వానల్లో ఇంట్లోకి నీళ్లొచ్చి, బీరువా అడుగున దాచుకున్న క్యాసెట్టు నానిపోయింది. ఆరబెట్టినా ఆడలేదు. తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నాన్న చేత్తో చేసినదంటూ నాకు మిగిలింది ఇదొక్కటే పిన్నీ. మా బాబుకి ఒక్కసారి చూపించాలి. అవుతుందంటారా?" అంది.

ఎందుకవదు అన్నాను. విప్పి చూస్తే బోర్డంతా పచ్చగా చిలుం పట్టి ఉంది. చిప్పు మాత్రం పైన నల్ల టేపు చుట్టుకుని భద్రంగా ఉంది. ఈ రకం చిప్పుకు పైన చిన్న గాజు కిటికీ ఉంటుంది. ఎండ తగులుతూ ఉంటే లోపల రాసింది మెల్లగా చెరిగిపోతుంది, అందుకని టేపు. ప్రోగ్రామరు అనే చిన్న పెట్టెలో ఈ చిప్పును పెడితే, లోపలున్నదంతా కంప్యూటరులోకి చదువుకోవచ్చు. తర్వాత అదే పెట్టెతో కొత్త చిప్పులోకి రాసుకోవచ్చు.

కాలేజీలో ఉన్న ప్రోగ్రామరు ఎప్పుడో మూలపడింది. స్పేరు పార్టులు అమ్మే శెట్టిగారి కొట్టుకు వెళ్తే ఆయన రెండు రకాలు బల్లమీద పెట్టారు. ఒకటి చవకది, ఇంకోటి దానికి రెండింతలు. చదవడం, రాయడం రెండూ చేస్తాయి. చిప్పు తిరగేసి పెడితే మాత్రం ఖరీదైనది ముందే కనిపెట్టి కరెంటు ఇవ్వకుండా ఆగిపోతుంది. చవకది ఏమీ చూసుకోదు, కరెంటు ఇచ్చేస్తుంది. చిప్పు అక్కడికక్కడే మాడిపోతుంది.

"ఏవండీ, ఒక్కటే చిప్పు అంటున్నారు కదా. పెద్దది తీసుకోండి," అన్నారు శెట్టిగారు.

"ఇరవయ్యేళ్లుగా ఇదే పనండీ నాకు. తిరగేసి పెట్టేంత గుడ్డిదాన్నేం కాదు."

"మీకు ఇరవయ్యేళ్లుంది గానీ, ఆ చిప్పుకి ఒక్కసారే కదండీ."

అమ్ముకోవడానికి ఎన్నయినా చెబుతారులే అనుకుని చవకదే తెచ్చుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం కూర్చున్నాను. మా ఆయన చింతలపూడిలో పెళ్లికి వెళ్లారు. ఇంట్లో నేనొక్కదాన్నే. టేపు ముక్కలు ఎగురుతున్నాయని ఫ్యాను కూడా ఆపేశాను.

చిప్పుకు ఒక కొసన చిన్న గంటు ఉంటుంది, దాన్నిబట్టి ఎటు పెట్టాలో తెలుస్తుంది. ఇక్కడ అది టేపు కిందకి పోయింది. బోర్డు మీది గుర్తులు చిలుంలో కలిసిపోయాయి. అయితే టేపు మీద ఒక మూల ఎర్రచుక్క ఉంది. గంటు పక్కనే ఉండే మొదటి పిన్ను దగ్గర గోళ్లరంగుతో చుక్క పెట్టడం బావగారి పద్ధతి. అక్క గోళ్లరంగు సీసాలన్నీ షాపులోనే ఉండేవి. నాకూ అదే అలవాటు వచ్చింది. చుక్క చూసి చిప్పు పెట్టేశాను.

ప్రోగ్రామరు మీద చిన్న లీవరు ఉంటుంది. కిందికి వేస్తే చిప్పును పట్టుకుంటుంది, పైకెత్తితే వదిలేస్తుంది. కిందికి వేసి కంప్యూటరు వైపు తిరిగాను. మళ్లీ ఇటు చూస్తే లీవరు పైకి ఉంది.

సరిగ్గా పడలేదనుకుని మళ్లీ వేశాను. టక్కుమని వినబడింది. 'మొదలుపెడుతున్నా' అని స్రవంతికి పంపడానికి ఫోటో తీసి, ఫోను పక్కనపెట్టి మౌసు పట్టుకున్నాను. లీవరు పైకి ఉంది. ఫోటోలో కిందికి ఉంది. ఆ ఫోటో ఇప్పటికీ నా ఫోనులో ఉంది.

నాకు భయం వేయలేదు, చిరాకేసింది. చవక సరుకు ఇంతే అని శెట్టిగారిని కూడా కలిపి తిట్టుకున్నాను. మూడోసారి బొటనవేలితో నొక్కిపట్టి కాసేపాగి వదిలాను. కదల్లేదు. మౌసు కోసం తల తిప్పగానే చిన్న చప్పుడయింది. లీవరు లేచి ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. నేను పని నేర్చుకునే రోజుల్లో తప్పు చేస్తే బావగారు ఒక్క మాట అనేవారు కాదు. వెనకనుంచి వచ్చి, షాపులోని ప్రోగ్రామరు లీవరు ఎత్తేసి, టీ తాగడానికి వెళ్లిపోయేవారు. తప్పేమిటో నేనే వెతుక్కోవాలి.

చిప్పు బయటకు తీశాను. ఎర్రచుక్కను బొటనవేలితో రుద్దితే వేలికి అంటింది. ఎండిన గోళ్లరంగు అలా అంటదు. అది కుంకుమ.

దసరాకి బావగారు స్క్రూడ్రైవర్ల నుంచి మీటర్ల దాకా షాపులో అన్నిటికీ నూనెలో కలిపిన కుంకుమతో బొట్టు పెట్టేవారు, నీళ్లు పడ్డా పోదు. కూతురి చిప్పుకూ పెట్టి క్యాసెట్టు మూసేశారు కాబోలు. బొట్టు ఏ మూల పడితే ఏమిటి? నేను దాన్ని మొదటి పిన్ను అనుకున్నాను. టేపు కొస కొంచెం ఎత్తి చూశాను. గంటు రెండోవైపు ఉంది.

ఒక్క క్లిక్కు చాలు, అంతా పోయేది. కుర్చీలోనే కూలబడి ఏడ్చాను. దుఃఖంతో కాదు, గండం గడిచిందని.

సరిగ్గా పెట్టాక లీవరు వేసింది వేసినట్టే ఉంది. రెండుసార్లు చదివాను, రెండూ సరిపోయాయి. కొత్త చిప్పులోకి రాసి, వేరే పాత క్యాసెట్టు బోర్డుకి ఎక్కించాను.

పై ఆదివారం స్రవంతి కొడుకును తీసుకొచ్చింది. టీవీలో గూడబాతు ఎగరగానే వాడు దగ్గరికెళ్లి చూసి, "అమ్మా, దీనికి ఒక రెక్క చిన్నదేంటి?" అన్నాడు.

"నేనే అలా వేశాను నాన్నా. తాతగారు దిద్దలేదు," అని స్రవంతి కళ్లు తుడుచుకుంది.

స్ప్రింగు వదులై ఉంటుందండీ అన్నారు శెట్టిగారు. నేనూ అదే అనుకుని, ఆ పాత చిప్పునే అలాగే తిరగేసి పెట్టి ఒక సాయంత్రమంతా లీవరు వేసి చూశాను. ఒక్కసారి కూడా లేవలేదు. ఆ మూడుసార్లే ఎందుకు లేచిందో నాకు ఇప్పటికీ తెలియదు.

తర్వాత ఖరీదైన ప్రోగ్రామరు కూడా కొన్నాను. చిప్పు తిరగబడితే అదే చెబుతుంది. అయినా లీవరు వేశాక ఒక్క క్షణం తల అటు తిప్పుకుంటాను. బావగారు ఎత్తాలనుకుంటే ఎత్తనీ అని.