కీబోర్డు మీది నల్ల టేపు

మొన్న హైదరాబాదు నుంచి సంగీతం తెలిసిన పెద్దమనిషి ఒకాయన ఫోన్ చేశాడు. మా ఆల్బం విన్నాడట. "ఆరు ముక్కలూ ఒకే స్కేలులో కట్టారు. ఈ రోజుల్లో అంత నిగ్రహం ఎవరికండీ? దాని వెనక మీ ఆలోచనేమిటి?" అని అడిగాడు. నేను గొంతు సవరించుకుని, "అట్లా కుదిరింది సార్" అన్నాను. అబద్ధం కాదు. కానీ ఎట్లా కుదిరిందో ఆయనకు చెప్పలేదు. ఇక్కడ చెప్తాను. అరవై దాటాక ఇంకా దాచుకుని ఏం చేసుకోవాలి?

కరీంనగర్‌లో ముప్పై ఏళ్లు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించాను. చిన్నా పెద్దా అందరూ మాస్టర్ అనే పిలిచారు. ఆ మాస్టరుకు చేతనైంది ఒక్క స్కేలే. తెల్ల మెట్ల మీద నా వేళ్లు కళ్లు మూసుకున్నా పరుగెత్తుతాయి. నల్ల మెట్ల మధ్యకు పోతే తడబడతాయి. మరి ముప్పై ఏళ్లు ఎట్లా గడిచాయంటే, కీబోర్డు మీద ఒక బటన్ ఉంటుంది. గాయకుడు "రెండు పెంచు మాస్టర్" అంటే రెండుసార్లు నొక్కుతాను. వేళ్లు పాత చోటే ఉంటాయి, పలుకు మాత్రం రెండు మెట్లు పైకి పోతుంది. చాలామంది అవసరానికి వాడతారు దాన్ని. నాకు అది లేకపోతే బతుకే లేదు.

చిక్కల్లా ఏమిటంటే, ఎన్ని మెట్లు జరిపామో చిన్న తెర మీద ఎర్ర అంకె చూపిస్తుంది. ఆ అంకె ఎవరి కంటా పడకుండా దాని మీద నల్ల టేపు ముక్క అతికించాను. అడిగినవాళ్లకు దిష్టి తగలకుండా అని చెప్పాను. మన దగ్గర దిష్టి అంటే ఇంకో ప్రశ్న ఉండదు. కొత్త కీబోర్డు కొన్నప్పుడల్లా ఇంట్లోవాళ్లు నిమ్మకాయ కట్టేవాళ్లు, నేను టేపు అతికించేవాణ్ని.

మా ఆల్బం పుట్టింది భోజనాల దగ్గర. బగారన్నం వడ్డన మొదలుకాగానే పాటగాళ్లూ తినడానికి పోయేవాళ్లు. ఆ అర్ధగంట వేదిక మీద నేను, క్లారినెట్ ఊదే నా స్నేహితుడు మిగిలేవాళ్లం. తాతల నాటి నుంచి బ్యాండు మేళం వాళ్లది. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు. నేను భాయ్ అంటాను. మా బామ్మర్ది దుబాయి హోటల్లో పనిచేస్తూ ఒకసారి ఒక క్యాసెట్టు తెచ్చాడు. మెత్తటి జాజ్. ఎక్కడికీ తొందర లేని సంగీతం. ఆ హోటల్లో జనం తింటుంటే అదే వేసేవారట. అది విని మా ఇద్దరికీ పిచ్చెక్కింది. మేమూ ఆ పోకడలో మా రాగాలు, మా జానపదాల విరుపులు కలిపి అల్లుకున్నాం. వినేవాడు ఒక్కడూ లేడు. "నల్లి బొక్క ఇటెయ్యుండ్రి" అని మూలుగ ఎముక కోసం వేసే కేకలే మాకు శభాషులు.

రెండేళ్ల కింద భాయ్ ఒకనాడు మా ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. "ముందటి పండ్లు కదులుతున్నయ్. వచ్చే నెల తీసేస్తరట. కొత్తవి పెట్టించుకున్నా మునుపటి లెక్క ఊదుడు అయితదో కాదో. గీ బువ్వల కాడి పాటలు నా పండ్లున్నప్పుడే రికార్డు చేద్దాం" అన్నాడు. క్లారినెట్ పైపళ్ల ఆసరాతోనే నోట్లో నిలబడుతుంది. నేను ఆ పూటే మొదలుపెట్టాను. ఆరు ముక్కలు ఇంట్లో కూర్చుని కట్టి, ఒక్కోదానికి ఒక్కో స్కేలు బటన్ నొక్కి పెట్టి, ఫోన్‌లో రికార్డు చేసి పంపాను. బాస్ గిటార్ వాయించే మా పాత జోడీదారు మందమర్రి బొగ్గుగనిలో పనిచేస్తాడు. అవన్నీ విని నేర్చుకుని, ఒక్కరోజు సెలవు పెట్టి పొద్దున బస్సుకే వచ్చాడు. భాయ్‌కి పళ్లు తీసేది ఆ మర్నాడే. అంటే అయితే ఆ రోజు కావాలి, లేకపోతే లేదు.

స్టూడియో అతను జానపద పాటలు రికార్డు చేసుకునేవాడు. నా మీద గౌరవం ఎక్కువ. నేను కీబోర్డు సంచి దించబోతుంటే ఆపి, మూలన గుడ్డ కప్పి ఉన్నదాన్ని చూపించాడు. లోపల సుత్తులు ఇనుప పుల్లల్ని కొడితే పలికే పాతకాలపు ఎలక్ట్రిక్ పియానో. "మీ ఆల్బం కోసమే హైదరాబాదుకెల్లి పట్టుకొచ్చిన మాస్టర్. గా ప్లాస్టిక్ సప్పుడు మీకెందుకు?" అన్నాడు. మెట్లు అన్నీ ఉన్నాయి. బటన్ లేదు. ముందూ వెనకా తడిమి చూశాను. ఎక్కడా లేదు. నా కీబోర్డే కావాలంటే ఎందుకని అడుగుతారు.

మొదటి ముక్కలో నాలుగో తాళానికే వేలు తప్పింది. మళ్లీ మొదలుపెట్టాను, రెండో తాళానికే తప్పింది. మూడోసారి చెయ్యే ఆడలేదు. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఏమైందని అడిగితే, వేళ్లు పట్టేశాయన్నాను. అదే నేను చేసిన తప్పు.

బాస్ అతను దగ్గరికొచ్చి నా మొహం చూశాడు. "అన్నా, చెమటలు పడుతున్నయ్. ఎడమ చెయ్యి గుంజుతుందా? మా గనిల ఒకాయనకు గిట్లనే మొదలైంది." అంతే, స్టూడియో అతను కారు తాళాలు తీశాడు. ఒకరు నీళ్లు తాగిస్తున్నారు, ఒకరు అంగీ గుండీలు విప్పుతున్నారు. భాయ్ మాత్రం మూలన కూర్చుని క్లారినెట్ తుడుచుకుంటున్నాడు. నాకు ఒళ్లు మండింది, నా మీద నాకే.

"గుండెకేం కాలే!" అని అరిచాను. "నాకు రాదు. ఒక్క స్కేలే వస్తది నాకు. ముప్పై ఏండ్లసంది మిగతాయన్ని బటన్ నొక్కి వాయించిన. గీ పియానోకు బటన్ లేదు."

ఇక నవ్వుతారు, రేపు కరీంనగర్ అంతా నవ్వుతుంది అనుకున్నాను.

బాస్ అతను గట్టిగా ఊపిరి వదిలాడు. "గంతేనా అన్నా? పాణం పోయినంత పనాయె నాకు. గిటార్ మీద నాలుగు గళ్లు ఇటు జరుగుత, అయిపాయె." స్టూడియో అతను తాళాలు జేబులో వేసుకుని, "గీ పియానో మీదనే కానియ్యుండ్రి, అన్నీ ఒకటే స్కేల్ అయితే నాకు ఇంకా అల్కగ ఉంటది మాస్టర్" అన్నాడు. నిజంగానే అన్నాడో, నా కోసం అన్నాడో ఇప్పటికీ తెలియదు.

భాయ్ లేచొచ్చి నా పక్కన నిలబడ్డాడు. "నేను క్లారినెట్ల సా ఊదితే నీ సా కన్న రెండు మెట్లు కిందికి పలుకుతది. నాకు గా బటన్ కట్టెలనే పెట్టి ఇచ్చిండ్రు. నేనెన్నడన్న సిగ్గుపడ్డనా? వాయించు జర."

ముప్పై ఏళ్లుగా వేదిక ఎక్కిన ప్రతిసారీ ఎవరైనా కనిపెడతారేమోనన్న భయం ఉండేది. అది ఆ పూట వదిలింది. ఎంత తేలిగ్గా అనిపించిందంటే, నాకు విపరీతంగా ఆకలేసింది. పక్క హోటలు నుంచి అన్నం తెప్పించుకుని కడుపునిండా తిని, సాయంత్రం అయ్యేలోపు ఆరు ముక్కలూ పూర్తి చేశాం. అంత హాయిగా నేను జన్మలో వాయించలేదు. బాస్ అతను చివరి బస్సుకు చాలా ముందే మందమర్రి బయల్దేరాడు.

తర్వాత వారం కీబోర్డు ముందు కూర్చుని ఆ టేపు పీకేద్దామనుకున్నాను. ఇక దాంతో పనేముంది? గోరుతో లేపబోతూ ఆగాను. నేను టేపును ఎప్పుడూ పళ్లతో కొరికి తెంపుతాను, అంచు పీచుపీచుగా వస్తుంది. ఇది నాలుగు వైపులా నీటుగా కత్తెరతో కత్తిరించి ఉంది. మా బృందంలో కత్తెర ఎప్పుడూ వెంట ఉండేది ఒక్కరి దగ్గరే. క్లారినెట్ పెట్టెలో, నోట్లో పెట్టి ఊదే రెల్లుముక్క రీడును సవరించుకునేందుకు.

భాయ్ ఆ సాయంత్రం వచ్చాడు. పళ్లు తీసిన బుగ్గ ఇంకా వాచి ఉంది. పీకిన టేపు ముక్కను అరచేతిలో పెట్టి చూపించాను. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు నేను ముప్పై ఏళ్లు తాగానన్నమాట.

"ఎన్నడు అతికిచ్చినవ్ భాయ్ దీన్ని?"

"ఏదని చెప్పాలె? పందిట్ల ఉక్కపోతకు ఊడిపోతుండె. నువ్వు చెయ్యి కడుక్కోను పోయినప్పుడు పెడుతుంటి. పాటగాళ్లు చూస్తె నీ ఇజ్జత్ పోతదని."

"నాకొక్కమాట చెప్పద్దా?"

వాచిన బుగ్గ మీద చెయ్యి పెట్టుకుని నవ్వాడు. "చెప్తె నువ్వు సిగ్గుకు వాయించుడు బంద్ పెడుతుంటివి. గప్పుడు బువ్వల కాడ నేనెవ్వనితోని ఊదాలె?"