చప్పుడు చేయని డిస్కు

మా పెద్దబ్బాయి ఈమధ్యే పోయాడు. బెంజ్ సర్కిల్ దగ్గర వాడి ఆఫీసులో, కుర్చీలో కూర్చునే, పక్కనున్నతన్ని మంచినీళ్లు అడిగాడట. ఆయన గ్లాసు పట్టుకొచ్చేసరికి తల బల్ల మీద వాల్చేసి ఉన్నాడట. గుండె అన్నారు. ఫోను మా చిన్నబ్బాయికి వచ్చింది. నేనప్పుడు వంటింట్లో రాత్రి కూరకి గోంగూర గిల్లుతున్నాను. ఆ ఆకు అట్లాగే వాడిపోయింది. ఆ రోజు గురించి ఇంతకన్నా రాయలేను.

వాడి గురించి నాలుగు మాటలు రాయమని మా చిన్నకోడలు అంది. నేను చదివింది ఐదో తరగతే. కానీ కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటే వాడు నవ్వించిన రోజులే ముందుకొస్తున్నాయి. వాడితో నాకు నవ్విన రోజులే ఎక్కువ. కాబట్టి అవే రాస్తాను.

ఆఫీసులో కంప్యూటర్లు చూసుకోవడం వాడి ఉద్యోగం. ఆదివారం వచ్చిందంటే మళ్లీ అదే పని, పటమటలో మా మేడ మీద గదిలో. జనం పాత ఇనుము వాళ్లకి వేసేయబోయే కంప్యూటర్లన్నీ తెచ్చి పెట్టుకునేవాడు. నా పాత ఇడ్లీ రేకులన్నీ ఆ గదిలోకే చేరాయి. పెట్టె విప్పినప్పుడు ఒక్కో గుంటలో ఒక్కో రకం స్క్రూలు వేసుకునేవాడు.

"ఒరే, ఇంట్లో వండటానికి రేకులు మిగలట్లేదురా" అంటే, "స్క్రూలు ఉడకవులే అమ్మా, నీ రేకులకేం కాదు" అనేవాడు.

ఏ పెట్టె తెచ్చినా వెంటనే కరెంటు పెట్టేవాడు కాదు. ముందు మూత తీసి, చేతులు వెనక్కి కట్టుకుని, సంబంధం చూడటానికి వెళ్లిన పెద్దమనిషిలా చాలాసేపు చూసేవాడు. "తొందరపెడితే పాతవి అలుగుతాయమ్మా" అనేవాడు. మనుషుల దగ్గరా అంతే. ఎవరైనా గట్టిగా మాట్లాడుతుంటే వాళ్లు అలిసిపోయేదాకా ఆగి, అప్పుడు నోరు విప్పేవాడు.

వాడు చేసిన పనుల్లో నేను దగ్గరుండి చూసింది ఒకటుంది. అది చెప్తే వాడి గురించి చెప్పినట్టే.

గవర్నర్‌పేటలో శుభలేఖలు అచ్చేసే సాయిబు గారు ఒకాయన ఉన్నారు. పోయిన ఎండాకాలంలో ఒక ఆదివారం పొద్దున్నే ఆటోలో మా ఇంటికొచ్చారు. పక్క సీట్లో పాత కంప్యూటర్ పెట్టెని కూర్చోబెట్టి, అది పడిపోకుండా భుజం చుట్టూ చెయ్యేసినట్టు పట్టుకుని ఉన్నారు. ఆ పెట్టెలో వాళ్ల నాన్నగారి అక్షరాలున్నాయట. వాళ్ల నాన్నగారు కుంచె పట్టి అ నుంచి ఱ దాకా, ఒత్తులూ గుణింతాలూ అన్నీ తన చేత్తో రాస్తే, ఆ కాలంలో ఎవరో వాటిని కంప్యూటర్లోకి ఎక్కించిపెట్టారు. ఆయన పోయారు, ఎక్కించినాయన ఎక్కడున్నాడో తెలియదు. ఆ అక్షరాలు ఆ పెట్టెలో తప్ప ఇంకెక్కడా లేవు. ఇప్పుడు పెట్టెలో డిస్కు మొరాయిస్తోంది. ఒకరోజు లేస్తోంది, ఒకరోజు లేవట్లేదు.

"ఎక్కడికి తీసుకెళ్లినా మ్యూజియంలో పెట్టుకోండి సాయిబు గారూ అంటున్నారమ్మా" అన్నారాయన నాతో. ఒక పాత శుభలేఖ తీసి చూపించారు. అందులో 'శ్రీ' చూడాలి. దాని తోక మామిడాకు వంగినట్టు వంగి ఉంది. నేను కార్డు తిరిగివ్వకుండా చాలాసేపు చూశాను.

మావాడు మూత తీసి, చేతులు వెనక్కి కట్టుకుని చూశాడు. "స్కజీ డిస్కు" అన్నాడు, చుట్టం కనబడినంత సంతోషంగా. ఇప్పుడు ఎక్కడా తయారు చేయని రకమట. దాని బదులు పేకముక్కంత పలక ఒకటి దొరుకుతుందట. అందులో ఫోనులో వేసే మెమరీ కార్డు పెడితే, నేనే ఆ పాత డిస్కుని అని కంప్యూటర్ని నమ్మిస్తుందట.

"అంటే దొంగవేషం" అన్నాను.

"మంచి వేషమే అమ్మా. కంప్యూటర్ మనసు కష్టపెట్టకుండా."

కానీ ముందు పాత డిస్కు ఒక్కసారైనా లేవాలి. లేస్తేనే అందులో ఉన్నది కార్డులోకి తీసుకోవడం కుదురుతుంది. ఏళ్ల తరబడి ప్రెస్సులో ఏసీ గదిలో ఉండి ఉండి, లోపల తిరిగే పళ్లేనికి దాన్ని చదివే ముల్లు అతుక్కుపోయిందన్నాడు. కొంచెం వెచ్చబడితే వదులుతుందేమో. ఎండలో పెడితే మాడిపోతుంది, పొయ్యి దగ్గర అసలే వద్దు. అటూ ఇటూ చూసి, "అమ్మా, నువ్వు కాసేపు ఒళ్లో పెట్టుకో" అన్నాడు.

నా నూలు చీర పాతదొకటి తెచ్చి చుట్టి ఇచ్చాడు. ఇటుకంత బరువుంది. ఫ్యాను ఆపేసి కూర్చున్నాను. మా చిన్నబ్బాయి గుమ్మంలో నిలబడి, "నాకెప్పుడూ ఇంతసేపు దొరకలేదు ఆ ఒడి" అన్నాడు. నేను మాటల్లో పడి అలవాటుగా దాన్ని జోకొట్టాను.

"అమ్మా, కదపకు" అని మావాడు పరుగెత్తుకొచ్చాడు. "నిద్రపుచ్చమని కాదు, లేపమని ఇచ్చాను."

సాయిబు గారు మెట్ల మీద కూర్చుని అంత దిగులులోనూ నవ్వారు.

వెచ్చబడ్డాక దాన్ని తీసుకుని, మణికట్టుతో ఒక్కసారి అటు తిప్పి ఇటు తిప్పి, తీగ పెట్టాడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత లోపల గరగరమంది. దగ్గితే ఆగిపోతుందేమోనని నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. పాలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి వంచినట్టు మొత్తం కార్డులోకి వచ్చేదాకా మధ్యాహ్నం దాటింది. అప్పటిదాకా సాయిబు గారు అన్నానికి లేవలేదు. తర్వాత ఆ డిస్కు మళ్లీ లేవలేదు.

అక్కడితో అయిపోయిందనుకున్నాం. కొత్త పలక పెడితే కంప్యూటర్ దాన్ని గుర్తుపట్టదే. తీగలు మార్చాడు, కార్డు మార్చాడు. ఊహూఁ. భోజనానికి పిలిస్తే వచ్చి కూర్చుని, పప్పులో వేలు పెట్టి గీతలు గీస్తున్నాడు. ఉన్నట్టుండి తనలో తనే నవ్వడం మొదలుపెట్టాడు.

"ఏంట్రా" అన్నాను.

"ఆ తీగ చివర మూత ఉండాలమ్మా. మూత లేకపోతే చెప్పిన మాట చివరిదాకా వెళ్లి, గోడకి తగిలిన బంతిలాగా వెనక్కొచ్చి, వెనకొచ్చే మాటల్ని పాడుచేస్తుంది. ఇన్నాళ్లూ ఆ పాత డిస్కే చివర మూత కూడా అయి కూర్చుంది. దాన్ని తీసేశాను, మూత పోయిందని చూసుకోలేదు. నిన్నగాక మొన్న ఉద్యోగంలో చేరిన కుర్రాడు కూడా ఈ తప్పు చేయడు."

ఎంగిలి చెయ్యి కడుక్కుని మేడెక్కాడు. నేను చారు గిన్నె పట్టుకుని వెనకాలే వెళ్లాను. పలక మీద ఆ మూత పని చేసే చిన్న మీట ఒకటుందట, దాన్ని జరిపి కరెంటు పెట్టాడు. తెర మీద మెల్లగా వెలుగొచ్చింది. వెలుగులో మామిడాకు తోక 'శ్రీ' కనబడింది. వాడు నా చేతిలో గిన్నె తీసుకుని, అన్నం లేకుండా ఆ చారు అట్లాగే తాగేశాడు.

పెట్టె గవర్నర్‌పేట చేరింది. రెండో రోజే సాయిబు గారి ఫోను. "బాబు గారూ, లేవట్లేదు." మావాడు ఆఫీసు నుంచి అటే వెళ్లి మీట నొక్కాడు, లేచింది. ఇంటికొచ్చాడు. మర్నాడు మళ్లీ ఫోను, "లేవట్లేదు." వెళ్తే మళ్లీ లేచింది. సాయిబు గారు సిగ్గుపడిపోయారట. మూడోసారి మావాడు మీట మీద చెయ్యి వేయలేదు. పక్కన స్టూలు మీద కూర్చుని, "రోజూ ఎట్లా చేస్తారో అట్లాగే చేయండి, నేను చూస్తా" అన్నాడు.

సాయిబు గారు బిస్మిల్లా అని మీట నొక్కి, చెవి పెట్టి విన్నారు. ఏ చప్పుడూ లేదు. తెర ఇంకా నల్లగానే ఉంది. పాత టీవీలాంటి తెర, వెలగడానికి కాస్త టైము తీసుకుంటుంది. ఆయన ఉసూరుమని మీట ఆపేశారు.

అదీ సంగతి. ఇన్నేళ్లూ ఆయనకి కంప్యూటర్ లేవడమంటే గరగర వినబడటం. ఆ చప్పుడు వినగానే టీకి వెళ్లేవారు, వచ్చేసరికి తెర వెలిగి ఉండేది. ఇప్పుడీ కొత్తది నోరు విప్పదు. అది లేచేలోపే ఈయన పడుకోబెట్టేస్తున్నారు.

మావాడు ఆ కథ చెప్పి, అన్నం తింటూ పొలమారేదాకా నవ్వాడు. "కాస్త ఆగమని ఆయనకి చెప్పకపోయావా" అన్నాను.

"ఆయన అలవాటు ఎందుకు మార్చాలమ్మా? పెట్టెకే నేర్పిస్తా."

తర్వాతి ఆదివారం పెట్టెని మళ్లీ మా మేడ మీదికి తెప్పించి, పలక మీద చిన్న దీపం మిణుకుమన్నప్పుడల్లా టిక్కుమనే బిళ్ల ఒకటి అతికించాడు. సాయిబు గారిని పిలిచి కళ్లు మూసుకోమన్నాడు. ఆయన పెళ్లిలో సన్నాయి వింటున్నట్టు తల ఊపుతూ విన్నారు.

"బావుంది గానీ బాబు గారూ, ఇది కుర్రగొంతు. మాది ఇంకొంచెం బొంగురు."

మావాడు నా కొబ్బరినూనె డబ్బా మూత పీకి బిళ్ల కింద పెట్టాడు. మళ్లీ వినిపించాడు. సాయిబు గారు కళ్లు మూసుకునే, "ఆఁ, ఇదే. ఇప్పుడు టీకి వెళ్లొచ్చు" అన్నారు. నా నూనె డబ్బాకి ఇప్పటికీ మూత లేదు. దుమ్ము పడకుండా గుడ్డ కట్టుకుంటున్నాను.

వాడు పోయాక, పెద్దకర్మ కార్డులు వేయించాలన్నారు. నేనూ వస్తానన్నాను. మైలలో ఉండి గడప దాటడమేంటని చుట్టాలు గొణిగారు. నేను వినలేదు. నాకు ఒక్కటే కోరిక. వాడు నిలబెట్టిన ఆ అక్షరాల్లో వాడి పేరు ఒక్కసారి చూసుకోవాలి. చిన్నబ్బాయి స్కూటర్ మీద తీసుకెళ్లాడు. సాయిబు గారు నన్ను చూసి లేచి నిలబడి టోపీ సర్దుకున్నారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నా కోరిక చెప్పాను.

ఆయన చేతులు జోడించారు. "అమ్మా, మీరింకేం అడిగినా చేస్తాను. ఇదొక్కటి అడక్కండి. మా నాన్నగారు ఆ అక్షరాలు శుభలేఖల కోసమే రాశారు. ఆయన పోయినప్పుడు కూడా నేను వాటిని ముట్టుకోలేదు. మీ కార్డులు ఇక్కడున్న కొత్త కంప్యూటర్లో, వేరే అక్షరాలతో చేసిస్తాను."

చిన్నబ్బాయి ఊరుకోలేదు. "మా అన్నయ్య లేకపోతే ఆ అక్షరాలే లేవు కదండీ" అన్నాడు.

"అందుకే బాబూ. మీ అన్నయ్య గారు బతికించినవి చావు కార్డుకి వాడలేను. అవి ఉన్నన్నాళ్లూ ఆయన చేతి మీదుగా పెళ్లిళ్లే జరగాలి."

చిన్నబ్బాయి నా వంక చూశాడు. నేను వాడి భుజం మీద చెయ్యి వేసి ఆపాను. మావాడున్నా అదే అనేవాడు. సాయిబు గారి అలవాటు మార్చడానికి వాడెప్పుడూ ఒప్పుకోలేదు.

సాయిబు గారు లోపలికి వెళ్లి, ఆ అక్షరాలతోనే అచ్చేసి ఆరబెట్టిన శుభలేఖల్లోంచి ఒకటి తెచ్చి నా చేతికివ్వబోయారు. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"వద్దు సాయిబు గారూ, మైలలో ఉన్నాను. ఎవరింటి పిల్లో, పసుపు రాయాల్సిన కార్డు. నేను ముట్టుకోకూడదు."

"ముట్టుకోకండమ్మా. చదవండి. నేను పట్టుకుంటాను."

రెండు అంచులూ వేళ్లతో పట్టుకుని నా మొహం ముందు ఎత్తి నిలబడ్డారు. బంగారు రంగు సిరా ఇంకా తడిగానే ఉంది. నాకు చదవడం మెల్లగా వస్తుంది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి దగ్గర మొదలుపెట్టి పెళ్లికూతురి పేరు దాకా పైకే చదివాను. హిమబిందు అట. నాకు తెలియని పిల్ల. వరుడి పేరు చదివాను. ముహూర్తం చదివాను. విందు ఎక్కడో కూడా చదివాను.

"ఇంకోటి ఉందా అండీ" అన్నాను.

"చాలా ఉన్నాయమ్మా, ముహూర్తాలు కదా" అని, ఆయన దాన్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, ఇంకో పెళ్లికూతురి కార్డు తీసి, ఫ్యాను గాలికి రెపరెపలాడకుండా రెండు చేతులతో నా ముందు ఎత్తి పట్టుకున్నారు.