సరిచూసినవాడి సంతకం

1943 జూన్‌లో నేను నాంపల్లిలోని ఒక కాలేజీ వృక్షశాస్త్ర శాఖలో సీనియర్ డిమాన్‌స్ట్రేటర్‌ని. ప్రయోగశాలలో మొక్కలు చూపించి విద్యార్థుల చేత బొమ్మలు వేయించే ఉద్యోగం. పైన ఒక లెక్చరర్ పోస్టు ఖాళీ పడింది. ఏడేళ్లుగా కాచుకున్నది నేను. ప్రొఫెసర్‌గారి నోట వినబడేది మాత్రం నిన్నగాక మొన్న జనగామ నుంచి వచ్చి నా కింద జూనియర్‌గా చేరిన నర్సింహ పేరు. నాకు కడుపు మండిపోయేది. అతను అబిడ్స్‌లో కొత్త భూతద్దం కొనుక్కుంటే దాని మీద కూడా నాకు ఏడుపే.

ఆ వానాకాలం నర్సింహ అనంతగిరి అడవిలో చెట్టు బెరడు మీంచి పచ్చగా నాచులాంటిది గీసుకొచ్చాడు. ఇలాంటివి ఆరబెట్టి కాగితపు పొట్లంలో దాస్తారు. పొట్లం మీద సేకరించినవాడు, సరిచూసినవాడు ఇద్దరూ సంతకం చేయాలి. అతను ‘మాస్’, అంటే నాచు, అని రాసి నా దగ్గరికి తెచ్చాడు.

“అన్నా, జర సూడు. మాసే గద?”

కాదని చూడగానే తెలిసింది. అది లివర్‌వర్ట్, నాచుకు దగ్గరి చుట్టమే అయినా వేరే తెగ మొక్క. తడిగోడల మీద చదునుగా పరుచుకునే లివర్‌వర్ట్‌ను ఎవరైనా గుర్తుపడతారు. ఆకులున్న రకం మాత్రం అచ్చం మాస్‌లా ఉండి కొత్తవాళ్లను మోసం చేస్తుంది. మాస్ ఆకులు కాడ చుట్టూ ఉంటాయి, చాలావాటికి నడుమ ఈనె కనిపిస్తుంది. దీని ఆకులు రెండు పక్కలా వరసగా పరుచుకున్నాయి, ఈనె లేదు.

“మాసే” అని సంతకం పెట్టాను. తనిఖీలో దొరికిపోతాడని లోలోపల సంబరపడ్డాను.

నెల తిరక్కుండా ప్రొఫెసర్‌గారు పొట్లాలు తనిఖీ చేసి తప్పు పట్టుకున్నారు. నర్సింహ తప్పు తనదేనన్నాడు. ఆయన అతన్ని వదిలేసి, చూడకుండా సంతకం పెట్టావా, చూసినా తెలియలేదా అని నన్నడిగారు. మూడో జవాబు చెప్పే ధైర్యం లేక, తెలియలేదన్నాను. అయితే నర్సింహ చదువుకుని నీకు నేర్పుతాడన్నారు.

వారం రోజులు అతని పక్కన స్టూలు మీద కూర్చుని, నాకు వచ్చిందే నేర్చుకున్నాను.

“గీడ సూడన్నా, వేర్ల లెక్క ఉన్న పోగులు. మాస్‌కైతే నడుమ అడ్డగోడలుంటయి, దీనికుండయి.”

ఓపికగా చెప్పేవాడు. ఆ ఓపిక చూస్తే ఇంకా మండేది. ఆఖరి రోజు కాయల బొమ్మలు చూపిద్దామని అల్మారాలోంచి పాత రికార్డు పుస్తకం ఒకటి తీశాడు. మూత ఊడిన మాస్ కాయ, నాలుగు చీలికలైన లివర్‌వర్ట్ కాయ, పక్కనే ఆకుల లివర్‌వర్ట్, అన్నీ పేర్లతో సహా గీసి ఉన్నాయి. అదే కాలేజీలో చదివే రోజుల్లో నేను వేసిన బొమ్మలవి. అట్ట మీద నా పేరుంది.

అతను పేరు చదివి పుస్తకం మూశాడు. “ఇగ చాలు సార్” అన్నాడు. మళ్లీ ఎన్నడూ నన్ను అన్నా అని పిలవలేదు.

పోస్టు అతనికే వచ్చింది. తర్వాత రిటైరయ్యే దాకా, నేను సరిచూసిన ప్రతి పొట్లం మీదా ఏ గుర్తు చూసి ఒప్పుకున్నానో సంతకం పక్కన ఒక వాక్యం రాశాను. ఉత్త సంతకం చూస్తే, తెలియక పెట్టినవాడెవరో తెలిసి పెట్టినవాడెవరో చెప్పలేం.