కోతపండుగలో వేలానికి పెట్టిన నీలిసింహం

ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, రెండేళ్ళపాటు నా ఇంటికి స్లాబు లేదు, గోడలు లేచి, ఇనుప చువ్వలు ఆకాశం వైపు చూస్తూ ఉండిపోయాయి, పైన టార్పాలిన్ పట్టా కప్పుకుని నేనూ నా భార్య కరుణా వాన పడ్డప్పుడల్లా గిన్నెలు పరుచుకున్నాం! దానికి కారణం గాలివాన కాదు, పంట పోవడం కాదు. నా చేతిలో ఉన్న ఫోను. ఈ సంగతి రాయడానికి సిగ్గుగానే ఉంది, అయినా నన్ను అందులోంచి బయటికి లాగిన దేవుడు గొప్పవాడు గనుక రాస్తున్నాను.

మాది రాజుపాలెం దగ్గర పల్లె. రెండెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేస్తాను, మిగతా రోజుల్లో సత్తెనపల్లి వైపు ఒక కోల్డ్ స్టోరేజీలో గుమస్తాగా పనిచేస్తాను. మా దగ్గర దాన్ని ఏసీ అంటారు. కోతల కాలంలో మిర్చికి ధర లేకపోతే రైతు బస్తాలు తెచ్చి ఏసీలో పెడతాడు, రసీదు తీసుకుంటాడు, ధర లేచేదాకా ఆగుతాడు. ఈ ఆగడం మా ఒంట్లో ఉంది. అదే నన్ను ముంచింది.

ఒకరోజు ఫోనులో వీడియో చూశాను. బొమ్మల కార్డులతో ఆడే ఆట. కార్డులు చేతితో పట్టుకునేవి కావు, ఫోనులోనే ఉంటాయి, నా సింహం ఎదుటివాడి పాముతో పోరాడుతుంది. మామూలు ఫోను ఆటల్లో మనం కొన్నది ఆ ఆటలోనే ఉండిపోతుంది గదా, ఇక్కడ మాత్రం బ్లాక్‌చెయిన్ అనే చిట్టాలో ఈ కార్డు ఫలానా వాడిదని రాసి ఉంటుందట, ఆ రాతను ఆట పెట్టిన కంపెనీ కూడా చెరపలేదట, కావలసినప్పుడు అమ్ముకోవచ్చట! వినగానే నాకు ఏసీ రసీదు గుర్తొచ్చింది. ఇదీ అలాంటిదేగదా, పురుగు పట్టదు, రంగు మారదు, అద్దె కట్టక్కరలేదు అనుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను!

మొదటి నెల నిజంగానే ఆడాను, అబద్ధం చెప్పను, బాగుంది కూడా. రెండో నెల నుంచి ఆట మానేసి ధర చూడటం మొదలుపెట్టాను. తూకం దగ్గర రైతు పిలుస్తుంటే వినపడేది కాదు, ప్రార్థనలో కళ్ళు మూసుకుంటే అంకెలు కనపడేవి. కార్డుల ధర పడిపోయింది, పడ్డప్పుడే కొని పెట్టుకోవాలి గదా, మా ఊరి అలవాటు ప్రకారం ఇంకా కొన్నాను. అలా కొంటూ కొంటూ స్లాబుకని దాచిన డబ్బంతా అందులో పోశాను. కరుణ అడిగితే ‘ఏసీలో ఉంది, ధర రానీ’ అన్నాను. ఆమె మిర్చి బస్తాలనుకుంది. నేను ఆమె పొరపాటు సరిదిద్దలేదు. అది అబద్ధం కాదని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను, సహోదరులారా, అంతకన్నా పెద్ద అబద్ధం ఏముంటుంది!

నా కార్డులన్నిటిలో గొప్పది నీలిసింహం. ఫోనులో దాని పక్కన లక్షా ఇరవై వేలని కనపడేది. రోజూ దాని మీదే ప్రార్థన. "ప్రభువా, ఈ సింహం ధర కొంచెం పెంచు తండ్రీ, పెరిగితే పదోవంతు నీ సన్నిధిలో పెడతాను" అని బేరం పెట్టేవాడిని. దేవుడితో కూడా గుమస్తా లెక్కలే.

ఆ ఏడు నలభై బస్తాల మిర్చి నిజంగానే ఏసీలో ఉంది. మాకు మిగిలిన ఆస్తి అదే. దాన్ని సోమవారం అమ్మేసి, మరికొన్ని కార్డులు కొని, ఒక్కసారిగా పైకి లేవాలని నిర్ణయించుకున్నాను. ఆ ముందు ఆదివారం మా చర్చి సంఘంలో కోతపండుగ వచ్చింది.

మా కోతపండుగ సంగతి తెలియనివారికి చెబుతాను. ఎవరి కష్టంలో పండింది వాళ్ళు తెచ్చి గుడిలో ప్రభువు బల్ల ముందు పెడతారు, గుమ్మడికాయ, కోడిపుంజు, మిరపకాయలు, గంప కింద బాతు, ఏదైనా సరే. ఆరాధన అయ్యాక మా పాస్టరు అయ్యగారు వాటిని వేలం వేస్తారు. వేలంపాట ఎవరికి పోతే సరుకు వాళ్ళది. నేను కూడా ప్రథమఫలం తేవాలి గదా! సత్తెనపల్లిలో జిరాక్సు షాపుకు వెళ్ళి నీలిసింహాన్ని కలర్ ప్రింటు తీయించి, లామినేషన్ చేయించి, తెచ్చి బూడిదగుమ్మడికి ఆనించి నిలబెట్టాను. నవ్వకండి. మనస్ఫూర్తిగానే పెట్టాను, పాట పాడినవారికి ఫోనులో అసలు కార్డు రాసిద్దామనే పెట్టాను.

గుమ్మడికాయ నాలుగు వందలకు పోయింది. బాతు మీద ఇద్దరు బావాబావమరుదులు పంతానికి పోయి నవ్వుకున్నారు. అప్పుడు అయ్యగారు నా కార్డు ఎత్తి చూపించారు. నేను లేచి గొంతు సవరించుకుని చెప్పాను, "దీని ధర లక్షా ఇరవై వేలు అయ్యగారూ!"

ముందు వరుసలో కూర్చున్న శాంతమ్మ పెద్దమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసింది.

"ఏంది నాయనా ఇది? వండుకునేదా, కట్టుకునేదా?"

అందరూ నవ్వారు. అయ్యగారు నవ్వలేదు, నన్ను నొప్పించకుండా పాట మొదలుపెట్టారు. వంద అన్నారు, ఎవరూ పలకలేదు. యాభై అన్నారు, పలకలేదు. ఒంటి కన్ను కోడిని కూడా ప్రేమతో పాడుకునే మా సంఘం, సహోదరులారా, నా సింహం వంక చూసి తలలు దించుకుంది! అప్పుడు నాకు తెలిసింది. రోజూ తూకం దగ్గర నిలబడి రైతు అడిగే ధర వేరు, కొనేవాడు ఇచ్చే ధర వేరు అని చూసేవాణ్ణి నేనే. ఫోనులో కనపడేది అడిగే ధర. మిర్చికి ధర లేస్తుందంటే ఎక్కడో ఎవరో కూర వండుకుంటారు గనుక లేస్తుంది. ఈ కార్డును వండుకునేవాడెవడు?

ఆడవాళ్ళ వైపు నుంచి కరుణ లేచింది. లక్షా ఇరవై వేలు, స్లాబుకు మేము అనుకున్న మొత్తం అదే, ఆమె ముఖం చూస్తే సంగతి మొత్తం అర్థమైపోయిందని తెలిసింది.

"పది రూపాయలు" అంది.

ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. కొంగుముడి విప్పి పది నోటు బల్ల మీద పెట్టింది.

"ఇప్పుడిది నాదే గదా అయ్యగారూ?"

"పాట నీదే, సరుకూ నీదే అమ్మా."

ఆమె నా వైపు తిరిగింది. కోపం లేదు, అరుపు లేదు. "అయితే నా కార్డు రేపు అమ్మెయ్. ఎంతొస్తే అంత. నువ్వు దానికోసం ఎదురుచూసింది చాలు. ఇంకెప్పుడూ దీని జోలికి పోమాక" అంది.

నేనక్కడే మోకాళ్ళ మీద పడ్డాను. "తండ్రీ, ధర పెంచమని ఇక అడగను. రేపు నలభై బస్తాలు కూడా ఇందులో పోయాలనుకున్నాను, నా చెయ్యి పట్టుకో, నన్ను ఆపు, నా ఇంటిదాని ముందు నన్ను నిజం చెప్పేవాణ్ణి చెయ్యి" అని గట్టిగానే ఏడ్చాను. సంఘమంతా నాతో కలిసి ప్రార్థించింది. ఆ రోజు గుడి మెట్లు దిగుతుంటే నా ఒళ్ళు ఎంత తేలికైందో చెప్పలేను, రెండేళ్ళుగా మోస్తున్న బస్తా ఎవరో భుజం మీంచి దించినట్టయింది!

సోమవారం కార్డులన్నీ అమ్మకానికి పెట్టాను. లక్షకు ఎవడూ అడగలేదు, యాభై వేలకు అడగలేదు, చివరికి అన్నీ కలిపి పదకొండు వేలు వచ్చాయి. కొన్ని నెలలకు ఆ కంపెనీ ఆటే మూసేసింది. చిట్టాలో రాత మాత్రం చెరగలేదట, కొన్నవాళ్ళ పేరు మీదే ఉందట, పోరాడటానికి బరే లేకుండా పోయింది. నలభై బస్తాలు ఏసీలోనే భద్రంగా ఉన్నాయి. ధర గొప్పగా ఏమీ లేవలేదు, అయినా ఒక గదికి స్లాబు పడింది. రెండో గదికి ఇంకా పట్టానే. మొదటి వాన కురిసిన మధ్యాహ్నం స్లాబు పడ్డ గదిలో గిన్నెలు లేకుండా పడుకుని, పైన చప్పుడు వింటూ ఇద్దరం ఊరికే నవ్వుకున్నాం. దేవునికే మహిమ!

ఆ కార్డులు కొనవచ్చా అని మా ఏసీలో పిల్లలు నన్నే అడుగుతారు. ఆటే కావాలంటే ఆడుకోండి, సినిమా టికెట్టంత డబ్బు పోయినా పర్లేదనుకుంటే ఆడుకోండి అంటాను. దాచిపెట్టుకుంటే పెరుగుతుందని మాత్రం కొనకండి, ఇంట్లోవాళ్ళకు చెప్పకుండా అసలే కొనకండి. మీరు ఆట ఆడుతున్నారా, ధర చూస్తున్నారా, అది మీకే తెలుస్తుంది.

లామినేషన్ నీలిసింహం ఇప్పుడు మా ఇంట్లో కారం డబ్బా మీద మూతగా ఉంది. కొన్నది కరుణ గనుక ఎక్కడ పెట్టాలో ఆమె ఇష్టం.

ఈ ఏడు కోతపండుగకు మా పెరట్లో కాసిన ఒక్క బూడిదగుమ్మడి భుజాన పెట్టుకుని వెళ్ళాను. ప్రియులారా, మీ గుప్పిట్లో రహస్యంగా పట్టుకున్నది ఏదైనా సరే, భయపడకుండా ఒకసారి తీసుకువెళ్ళి ఆయన బల్ల ముందు, అందరూ చూస్తుండగా పెట్టండి. దాని నిజమైన ధర ఆయన అక్కడే చెబుతాడు, మిమ్మల్ని మాత్రం వేలానికి వదలడు. నా గుమ్మడికాయ మూడు వందల యాభైకి పోయింది. పాడుకున్నది శాంతమ్మ పెద్దమ్మ. "ఇది వండుకునేదే నాయనా" అంది.