డీజిల్ నిండుకున్నది

నా పేరు అజ్మల్. తోటపల్లి గూడూరు మండలంలో, సముద్రపు హోరు వినబడేంత దూరంలో, రెండు రొయ్యల గుంటల మీద సూపర్‌వైజరుని. మొన్నటిదాకా. ఈ ‘మొన్నటిదాకా’ ఎందుకు వచ్చి చేరిందో చెప్పడానికే ఇదంతా. తప్పెవరిదో మొదటే చెప్పేస్తాను, నాదే. ఇంకెవరి మీదికైనా నెడదామని శాయశక్తులా ప్రయత్నించాను, కుదరలేదు.

చదివింది పదో తరగతి, అదీ రెండో దండయాత్రలో గట్టెక్కింది. ఇంజన్లు విప్పి బిగించడం మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. గుంట మీద పనంటే సగం కాపలా. నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్లు తిరుగుతున్నాయా, రొయ్యలు మేత తింటున్నాయా అని చూస్తుండాలి. మిగతా సగం ఫోను చూడటం. అలా చూస్తుంటే రెండేళ్ల కిందట ‘మాటల మూట’ అనే గుంపు తగిలింది. పాత మాటలు, వింత మాటలు, ఎవరికి దొరికినవి వాళ్లు తెచ్చి అక్కడ కుమ్మరిస్తారు. మబ్బును మొయిలు అంటారని నాకు అక్కడే తెలిసింది. మెల్లగా వీచే చల్లటి గాలికి తెమ్మెర అని పేరుందనీ అక్కడే తెలిసింది. నలభై నాలుగేళ్లుగా ఆ గాలిలోనే కూర్చుని ఉన్నాను, దానికో ముద్దుపేరుందని ఒక్కరూ చెప్పలేదు! ఆ రోజు అన్నం చల్లారిపోయినా లేవలేదు.

దొరికిన మాటను దాచుకునే గుణం ఉంటే బాగుపడేవాణ్ణి. నాకది లేదు. ఎవరికో ఒకరికి వడ్డించందే నిద్ర పట్టదు. చిక్కింది విజయకుమారి గారు. ఆ గుంటల యజమాని, నెల్లూరులో ఉంటారు, నేను విజయక్కా అని పిలుస్తాను. రోజూ ఉదయం వాట్సాప్‌లో ఆమెకు రిపోర్టు పెట్టాలి. ఒకరోజు ఇలా పెట్టాను: ‘మొయిలు లేదు. తెమ్మెర ఉంది. మేత బాగా తింటున్నాయి.’

అరగంటలో ఫోను మోగింది.

“అజ్మలూ, తెమ్మెరంటే ఏందబ్బా? కొత్త జబ్బా? ఎన్ని రొయ్యలకు సోకుండాది?”

“జబ్బు కాదక్కా, గాలి.”

“గాలిలో వచ్చేదా! పక్క గుంటోళ్లకు చెప్పినావా?”

అప్పటికే ఆమె రొయ్యల మందుల షాపులో నిలబడి ఉందట. తెమ్మెరకు ఇంకా మందు రాలేదని షాపతను చేతులెత్తేశాడట. విషయం తెలిశాక, “నీకు పుణ్యముంటాది నాయనా, మామూలుగా రాయి” అని బతిమాలింది. సరేనన్నాను. వారం రోజులు మామూలుగానే రాశాను కూడా. అంతకన్నా నిగ్రహం నా వంశంలో లేదు.

పోయిన నెల గుంపులో ఒకాయన ఒక సంగతి రాశాడు. మనవాళ్లు ఇంట్లో అశుభం పలకరట. దీపం ఆరిపోయిందనరు, కొండెక్కిందంటారు. నల్లపూసల దండ తెగిందనరు, పెరిగిందంటారు. బియ్యం అయిపోయాయనరు, నిండుకున్నాయంటారు. ఖాళీ డబ్బాలోకి చూసి నిండుకుంది అనగలిగే జనం మధ్య పుట్టి కూడా నాకా సంగతి తెలియదు! చదువుతూ చదువుతూ లేచి నిలబడ్డాను. బండేసుకుని ఇంటికి పోయి మా ఆవిడ గుల్నాజ్‌కి చెప్పాను.

ఆమె బియ్యంలో రాళ్లేరుతూ తల కూడా ఎత్తలేదు. “మీయమ్మ ఎప్పుడూ అట్లానే అనేది గదా. నువ్వేదన్నా ఇంటే గదా తెలిసేది,” అంది.

నేనేమీ చిన్నబుచ్చుకోలేదు. అమ్మ అంటే అది మామూలు మాట, ఫోనులో కనబడితే విద్య. ఆ విద్యను అందినచోటల్లా ప్రయోగించాను. మా ఇంట్లో బల్బులు మాడిపోవడం మానేసి కొండెక్కసాగాయి. స్కూటరు బెల్టు పెరిగిందని చెబితే మెకానిక్ దాన్ని విప్పి, పాపం, కొలిచి చూశాడు.

ఇక ఆ బుధవారం. పెద్ద గుంటలో రొయ్య పట్టుబడికి పది రోజులే ఉంది. అంతకుముందు రెండు పంటలూ జబ్బు తినేసింది. ఇది కూడా పోతే గుంటలు వదిలేస్తానని విజయక్క నాతోనే అంది. పొద్దుటి నుంచి మబ్బు, గాలి బిగదీసుకుపోయింది. అలాంటి రోజు ఏరియేటర్లు గంటసేపు ఆగితే చాలు, అంత ఒత్తుగా పెరిగిన రొయ్యకు ఊపిరాడదు. కరెంటు పోతే జనరేటరే దిక్కు.

తొమ్మిదింటికి అక్క మెసేజ్ వచ్చింది. ‘డీజిల్ ఉందా? బండి బయల్దేరుతోంది.’ క్యాన్లన్నీ ఖాళీ, జనరేటరు ట్యాంకులో అడుగున కాస్త ఉంది. ఏ మనిషైనా ‘లేదు’ అని రాస్తాడు. నేను రాశాను: ‘నిండుకున్నది అక్కా.’

బదులుగా బొటనవేలు బొమ్మ వచ్చింది. బండి వస్తుందన్నమాట, అనుకున్నాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఆ మెసేజ్‌ను అలాగే తీసి, ‘మా గుంటల మీద నేటికీ వాడుకలో ఉన్న పలుకుబడి’ అని గుంపులో పెట్టాను. నేటికీ ఏమిటి నా మొహం, అది మొదలైందే ఆ ఉదయం. లైకులు కురిశాయి.

పదకొండున్నరకు కరెంటు పోయింది. నాతోపాటు పనిచేసే పెద్దాయన పెంచలన్న జనరేటరు వేశాడు. అది అరగంట తిరిగి ఆగిపోయింది. అప్పుడు నేను ఒక కామెంటుకు జవాబు రాస్తున్నాను.

“అజ్మలూ, ఇంజను ఆగిపోయినాది!” అని కేకేశాడు.

“బండి వస్తా ఉండాది లే అన్నా.”

బండి రాలేదు. రొయ్యలు వచ్చాయి. గట్టు పొడుగునా నీళ్ల మీదికి తేలి, మీసాలు బయటపెట్టి, గాలి కోసం కొట్టుకుంటున్నాయి. అక్కకు ఫోను చేశాను.

“బండి యాడుందక్కా?”

“ఏం బండి?”

“డీజిల్ బండి.”

“అది వాకాడు పోయినాది, మా తమ్ముడి గుంటకు. నీకాడ నిండుకున్నాదంటివి గదా?”

“అవునక్కా, నిండుకున్నాది. అందుకే గదా పంపమంటా.”

“నిండుగా ఉంటే పంపేదెందుకు?”

“నిండుగా లేదక్కా. నిండుకున్నాది.”

“అంటే ఉన్నట్టా, లేనట్టా?”

“అయిపోయినాదక్కా,” అన్నాను చివరికి.

“బియ్యానికంటారు గానీ డీజిలుకు ఎవురంటారు అజ్మలూ?” అంది. ఆ గొంతులో కోపం లేదు, ఏడుపుంది.

పెంచలన్న క్యాను పట్టుకుని మోటారుసైకిల్ మీద పరిగెత్తాడు. పక్క గుంటల్లోనూ జనరేటర్లు నడుస్తున్నాయి, వాళ్లకున్నది వాళ్లకే చాలదు. నేను ఆక్సిజన్ బిళ్లలు చల్లుతూ గట్టు చుట్టూ తిరిగాను. జేబులో ఫోను టింగుటింగుమంటూనే ఉంది, లైకులు. దాన్ని గుంటలోకి విసిరేద్దామనిపించింది. అతను బంకు నుంచి డీజిల్ తెచ్చేసరికి గంటకు పైనే పట్టింది. అప్పటికి సగం రొయ్య తెల్లబడి అడుక్కు పోయింది. మిగతాది అప్పటికప్పుడు వల వేసి పట్టేశాం.

అక్క వచ్చి గట్టు మీద నిలబడింది. తిట్టలేదు. తిడితే నాకు బాగుండేది.

“ఎంత పోయినాది?”

“సగం చచ్చిపోయినాదక్కా.”

చావుకు మన భాషలో ఎన్ని మెత్తటి మాటలున్నాయో నాకు తెలుసు, గుంపులో వాటికి జాబితానే ఉంది. ఒక్కటీ నోటికి రాలేదు.

పనంతా అయ్యాక, “పోయొస్తానక్కా,” అన్నాను. మన వైపు, పడనివాడిని సాగనంపినా ‘పోయిరా’ అనే అంటారు.

“పో,” అంది అక్క.

పదకొండేళ్లలో ఆ ‘రా’ లేకుండా ఆమె నన్ను ఒక్కనాడూ పంపలేదు. కాసేపు అక్కడే నిలబడ్డాను, మిగతా ముక్క కూడా వస్తుందేమోనని. రాలేదు.

ఇంటికి పోగానే గుల్నాజ్ అడిగింది. “అక్క ఏమనింది?”

“ఏమంటాది, పోయిరా అనింది.” ఆ ‘రా’ నేనే కలిపాను.

మరునాడు ఎప్పటిలాగే అన్నం క్యారియరు చేతికిచ్చింది. గుంటల దారి పట్టి, మలుపు తిరిగి, కృష్ణపట్నం రోడ్డు మీదున్న టీ కొట్టు బెంచీ మీద కూర్చున్నాను. పోర్టు లారీలు చూస్తూ అన్నం తిని, పని దిగే వేళకు ఇంటికి చేరాను. ఆ తర్వాతి రోజూ అంతే. ఒక్కసారి ఫోను తెరిస్తే, నా పోస్టును ఆ వారానికి మేటి పోస్టుగా ఎన్నుకున్నారు. అందరూ డీజిల్‌ను మెచ్చుకున్నారు, రొయ్యల సంగతి ఎవరూ అడగలేదు. వాళ్లకు నేను చెబితే గదా.

మూడో రోజు ఉదయం స్కూటరెక్కి క్యారియరు అందుకుంటే తేలిగ్గా తగిలింది.

“ఏంది, ఇంతేనా?” అన్నాను.

“టీ కొట్టు కాడ బెంచీ మీద కూసునేదానికి అంతకన్నా ఎందుకు?” అంది గుల్నాజ్. “పెంచలన్న మొన్ననే వచ్చి చెప్పిపోయినాడు. నువ్వే చెప్తావని చూస్తా ఉండా. ఊళ్లో లేని మాటలన్నీ తెచ్చి నాకు చెప్తావు, ఈ ఒక్క మాట చెప్పేదానికి నోరు రాలేదా?”

“రాలేదు గుల్నాజ్,” అన్నాను. నిజంగా రాలేదు.

ఆమె క్యారియరు నా చేతిలోంచి తీసేసుకుంది.

“దిగు,” అంది. “ఇంట్లోనే తిందువు, వేడిగా.”